కవర్ కాని రంగు: ఇంట్లో కారు పెయింటింగ్‌లో పలుచన, హెచ్చుతగ్గుల సవరణ

కారుకి రంగు వేశాక అడుగున ఉన్న ప్రైమరో పుట్టీయో పాత రంగో పైకి తెలుస్తూ ఉంటే అది పలుచన. ఒకే రేకు ఒకచోట ముదురుగా, ఇంకోచోట లేతగా, చారలు తేలి కనిపిస్తే అది హెచ్చుతగ్గు. షెడ్డులో పెయింటరు మొదటిదాన్ని చూసి ‘కవర్ కాలేదు’ అంటాడు, రెండోదాన్ని చూసి ‘ప్యాచులు పడ్డాయి’ అంటాడు. ఇంటి ముందు అద్దె కంప్రెషర్‌తోనో, కొనితెచ్చిన స్ప్రే డబ్బాలతోనో తలుపుకీ బంపరుకీ బానెట్‌కీ రంగు వేసుకునేవాళ్లకి ఈ రెండూ తరచు ఎదురయ్యేవే.

రెంటికీ మందు ఉంది. అయితే చాలామంది వెంటనే చేసే పని, అంటే లేతగా ఉన్నచోటే గన్ను పెట్టి ఇంకాస్త గట్టిగా కొట్టడం, ఉన్న లోపానికి జారుడు అనే ఇంకో లోపాన్ని జతచేస్తుంది. పలుచన ఎక్కువసార్లు పైపూతలో పుట్టదు. రంగు కింద ఉన్న నేల ఒకే తీరుగా లేకపోవడం, గన్ను నడక తప్పడం, కోటుకీ కోటుకీ మధ్య ఆగాల్సినంత ఆగకపోవడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి అసలు కారణమై ఉంటుంది. అదేమిటో పట్టుకోకుండా వేసే ప్రతి కోటూ దండగే.

పూత ఎంత మందం?

కార్ఖానా నుంచి వచ్చిన కొత్త కారు మీద అన్ని పొరలూ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లకి మించవు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తుప్పు పట్టకుండా విద్యుత్తుతో అంటించే అడుగుపొర సుమారు 20 మైక్రాన్లు, దాని మీద సర్ఫేసర్ 30 నుంచి 40, అన్నిటికంటే పైన మెరుపునిచ్చే క్లియర్ 40 నుంచి 50. మనం కంటితో చూసి ‘కారు రంగు’ అనుకునే బేస్‌కోటు మాత్రం చాలా షేడ్లలో 12 నుంచి 20 మైక్రాన్ల లోపే. మనిషి తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే ఈ పొర ఎంత పలచనో తెలుస్తుంది. గన్ను ఒకచోట కాస్త వేగంగా కదిలితే మూడు నాలుగు మైక్రాన్లు తగ్గుతాయి, ఆ మాత్రం తేడాకే కింద ఉన్నది బయటపడుతుంది.

ఎంత పలచగా ఉన్నా రంగు కిందిదాన్ని ఎలా కప్పుతుందనేది అందులోని పొడిని బట్టి ఉంటుంది. తెలుపులో వాడే టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం దాదాపు 2.7, దాన్ని పట్టి ఉంచే రెజిన్‌ది దాదాపు 1.5. ఈ తేడా వల్ల వెలుగు పొడి కణాల మీద పడి చెల్లాచెదురై వెనక్కి వస్తుంది, అడుగుదాకా పోదు. నలుపులోని కార్బన్ వెలుగుని పీల్చేసుకుంటుంది, కాబట్టి ఒకటి రెండు కోట్లకే నిండుతుంది. కష్టమంతా నిగనిగలాడే ఎరుపులతో, పసుపులతో. ఒకప్పుడు పసుపు, నారింజ రంగుల్లో సీసపు క్రోమేట్ కలిసేది. అది బాగా కప్పేది, కానీ విషం. దాని స్థానంలో వచ్చిన సేంద్రియ వర్ణకాలు చూడ్డానికి స్వచ్ఛంగా ఉంటాయి, వెలుగుని మాత్రం చాలావరకు లోపలికి పోనిస్తాయి. అందుకే తెల్ల కారుకి సరిపోయిన రెండు కోట్లు ఎర్ర కారుకి సరిపోవు. అది వేసేవాడి చేతకానితనం కాదు.

తొలి రోజుల నుంచి ఉన్న తలనొప్పి

మొదట్లో కార్లకి వార్నిష్ రంగుల్ని కుంచెతో పూసి, ఆరబెట్టి, రుద్ది, మళ్లీ పూసేవారు. ఒక్కో కారు తయారవడానికి వారాలు పట్టేది. అమెరికాలో టొలెడో నగరానికి చెందిన వైద్యుడు ఆలెన్ డివిల్బిస్ గొంతులోకి మందు చల్లడానికి ఒక పరికరం చేశాడు. ఆయన కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు చల్లే గన్ను తయారుచేశాడు. 1923లో డ్యూపాంట్ సంస్థ నైట్రోసెల్యులోజ్ లాకర్ ‘డ్యూకో’ జనరల్ మోటార్స్ వారి ఓక్‌లాండ్ కార్లకి ఎక్కింది. అది ఎంత తొందరగా ఆరేదంటే, వారాల పని ఒకటి రెండు రోజుల్లోకి వచ్చిపడింది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని సికమోర్‌లో ఎడ్వర్డ్ సీమోర్ 1949లో అల్యూమినియం రంగుని స్ప్రే డబ్బాలో నింపి చూపించాడు. గన్నూ కంప్రెషరూ లేనివాళ్లు కూడా రేకు మీద రంగు చల్లడం అక్కడి నుంచే మొదలు.

రంగు మీద విడిగా క్లియర్ కొట్టే పద్ధతి 1980లలో విస్తరించింది. దీంతో ఇంటి పెయింటరుకి ఒక మేలు, ఒక కీడు. మేలు ఏమిటంటే బేస్‌కోటు నిమిషాల్లో ఆరుతుంది, క్లియర్ పడేలోపు పలుచనని సరిచేసుకునే అవకాశం చేతిలోనే ఉంటుంది. కీడు ఏమిటంటే, క్లియర్ పడ్డాక బయటపడిన పలుచనకి దొడ్డిదారి లేదు.

ఎర్ర తలుపు, బూడిద రంగు మచ్చ

పలుచన ఎలా పుడుతుందో ఒక ఎర్ర తలుపు దగ్గర నిలబడి చూస్తే బాగా అర్థమవుతుంది. తలుపు మీద అరచేతి వెడల్పు సొట్ట తీయించారు, లేత పసుపు పుట్టీ పెట్టారు, దాని మీద ముదురు బూడిద ప్రైమర్ కొట్టి, ఆరాక నీళ్లతో రుద్దారు. రుద్దినప్పుడు అంచుల్లో ప్రైమర్ అరిగి పుట్టీ తొంగిచూసింది. చుట్టూ ఉన్నది ఎండకి వెలిసిన పాత ఎరుపు. అంటే ఆ ఒక్క తలుపు మీద మూడు నేలలు. మొదటి కోటుకి మచ్చ గోధుమరంగులో కనిపిస్తుంది. రెండో కోటుకి చాలామటుకు మాయమై, నీడలో చూస్తే పని అయిపోయిందనిపిస్తుంది. కారుని ఎండలోకి తీసి పక్క నుంచి చూడగానే కోడిగుడ్డు ఆకారంలో మచ్చ మళ్లీ తేలుతుంది.

ఇక్కడ అదే మచ్చ మీద ఇంకో నాలుగు కోట్లు వేయకూడదు. పని ఆపి, బేస్‌ని పూర్తిగా ఆరనిచ్చి, 800 నంబరు వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, తలుపు మొత్తానికి ఒకే షేడు సీలరో ప్రైమరో పలచగా కొట్టి నేలని ఒక్కటి చేయాలి. దాని మీద ఎరుపు మూడు నాలుగు మధ్యస్తపు కోట్లకి నిండుతుంది. నేల ఏ షేడు ఉండాలన్నదీ ముఖ్యమే. ఏ రంగు కింద ఎంత ముదురు బూడిద వేయాలో చాలా పెయింటు కంపెనీలు తమ షేడు వివరాల్లోనే చెబుతాయి. తెల్ల ప్రైమర్ మీద ఎరుపు ఇంకా ప్రకాశంగా ఉంటుందన్న ఆశతో చాలామంది తెలుపు వేస్తారు. అది నిండడానికి కోట్లు పెరుగుతాయి, చిన్న గీత పడినా కింది తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బూడిద నేలే నయం.

నిండిందో లేదో కంటికి వదిలేయనక్కర్లేదు. నలుపు తెలుపు గళ్లున్న చిన్న స్టిక్కర్లు దొరుకుతాయి. రేకు పక్కన అట్ట మీద ఒకటి అంటించి, రేకుతోపాటు దానికీ సరిగ్గా అన్నే కోట్లు కొట్టాలి. గళ్లు పూర్తిగా కనిపించకుండా పోయినప్పుడే రంగు కప్పినట్టు. స్టిక్కరు లేకపోతే నల్ల మార్కరుతో తెల్ల కార్డు మీద గళ్లు గీసి, ముందుగా దాని మీద క్లియర్ పూసి ఆరబెట్టుకున్నా పని జరుగుతుంది.

గన్నులో, డబ్బాలో ఉండే కారణాలు

రంగు డబ్బా అడుగున పొడి పేరుకుంటుంది. మూత తీసి పైపైన కలిపి పోసుకుంటే గన్నులోకి వెళ్లేది ఎక్కువగా థిన్నరూ రెజినే. వెడల్పాటి కర్రతో అడుగు గీకి కలపకపోవడం వల్ల వచ్చే పలుచనని ఏ కోటూ తీర్చలేదు. తర్వాతి తప్పు థిన్నర్ ఎక్కువ పోయడం. గన్ను సాఫీగా ఊదుతోందని మురిసిపోతూ ఒకటికి రెండు పాళ్లు పోసేస్తారు. డబ్బా మీద రాసిన పాళ్లు మించకూడదు. ఫోర్డ్ కప్పు నంబర్ 4 దొరికితే ఇంకా మంచిది. అడుగున సన్న రంధ్రమున్న ఆ కప్పు నిండా రంగు పోసి, ధార తెగేవరకు లెక్కపెడితే మామూలు బేస్‌కోటుకి 15 నుంచి 20 సెకన్ల మధ్య రావాలి.

ఇళ్లలో వాడే చిన్న కంప్రెషర్ ఒక దొంగ కారణం. తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వాడే హెచ్‌వీఎల్‌పీ గన్నుకి నిమిషానికి చాలా గాలి కావాలి. ఒక హార్స్‌పవర్ మోటారు, చిన్న ట్యాంకు దాన్ని అందుకోలేవు. బానెట్ మొదటి సగం చక్కగా వచ్చి, రెండో సగానికి ట్యాంకులో ఒత్తిడి పడిపోతుంది. చుక్కలు లావవుతాయి, పూత గరుకుగా, మచ్చలుగా పడుతుంది. గన్ను దగ్గరే గేజీ పెట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి ఉంచినప్పుడు ఒత్తిడి ఎంత ఉందో చూడాలి. తగ్గుతూ ఉంటే ఒక్కో రేకుని విడివిడిగా, మధ్యలో ట్యాంకు నిండనిచ్చి కొట్టుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు అట్టముక్క మీద ఒకసారి ఊది చూడడం అలవాటు చేసుకుంటే సగం కష్టాలు తప్పుతాయి. ముద్ర పొడవాటి అండాకారంలో, రెండు చివర్లా సమంగా ఉండాలి. ఒక చివర లావుగా పడుతుంటే ముందున్న గాలి మూతని సగం చుట్టు తిప్పి మళ్లీ ఊదాలి. లావు భాగం కూడా తిరిగిందంటే మురికి మూతలో ఉంది. తిరగకుండా అక్కడే ఉంటే నాజిల్‌లో ఉంది. కారు మీద చారలు పడ్డాక ఈ పరీక్ష చేయడం కంటే ముందే చేసుకోవడం చవక.

ఇక చేతి నడక. గన్ను రేకుకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, రేకుకి సమాంతరంగా కదలాలి. భుజం కదలకుండా మణికట్టు మాత్రమే తిప్పితే గన్ను విల్లులా తిరుగుతుంది. మధ్యలో దగ్గరై ముదురు, చివర్లలో దూరమై పలుచన. ఇంటి పనిలో కనిపించే ‘రెండు చివర్లా కవర్ కాలేదు’ అన్న ఫిర్యాదుకి ఎక్కువసార్లు కారణం ఇదే. ట్రిగ్గర్ రేకు బయటే నొక్కి, రేకు దాటాకే వదలాలి. ప్రతి చారా కిందటి చారలో సగం మీద పడాలి, సిల్వర్ లాంటి మెటాలిక్ అయితే ముప్పావు వంతు. స్ప్రే డబ్బాకీ ఇవే నియమాలు, దూరం మాత్రం 20 నుంచి 30 సెంటీమీటర్లు. డబ్బాని రెండు నిమిషాలైనా ఊపాలి, లోపలి గోళీ చప్పుడు వినిపించడం మొదలయ్యాక లెక్కపెట్టుకోవాలి.

క్లియర్ వేయకముందు

లోపం క్లియర్‌కి ముందే కనిపిస్తే అదృష్టం. బేస్ తడి మెరుపు పోయి మ్యాట్‌గా మారేదాకా, మామూలుగా 5 నుంచి 15 నిమిషాలు, ఆగాలి. తర్వాత మచ్చ మీద మాత్రమే కాకుండా మచ్చని దాటి ఒక జానెడు దాకా ఒక కోటు, ఆ పైన రేకు మొత్తానికి ఇంకో కోటు వేయాలి. దుమ్ము రేణువు పడితే ఆరాక 1000 పేపర్‌తో తీసి, ఆ చోట మళ్లీ బేస్ తగిలించాలి. చాలా బేస్‌కోట్లకి 24 గంటల గడువు ఉంటుంది. అది దాటితే రుద్దకుండా పైన ఏది వేసినా పట్టు కుదరదు.

అంచుల సంగతి వేరు. తడి రంగు తలతన్యత వల్ల పదునైన అంచు నుంచి వెనక్కి లాక్కుంటుంది. తలుపు చివరలు, బానెట్ ముందు పెదవి, బాడీ మీది గీతలు ఎప్పుడూ మిగతా రేకు కంటే పలచగానే మిగులుతాయి. రుద్దేటప్పుడు ముందు అరిగిపోయేదీ అవే. అందుకని అనుభవమున్నవాళ్లు ప్రతి కోటుకి ముందు అంచుల్ని ఒక సన్న చారతో కొట్టి, తర్వాత రేకు మొత్తం అందుకుంటారు. రుద్దే ముందు ఆ గీతల మీద మాస్కింగ్ టేపు వేసి, చివరలో టేపు తీసి చేత్తో రెండు చుట్లు మాత్రమే రుద్దుతారు.

సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్‌లలో చారలు పడడం అన్నిటికంటే ఎక్కువ మందిని ఏడిపించే లోపం. రంగులోని సన్నటి అల్యూమినియం రేకులు చీర మీది చమ్కీల్లాంటివి, అన్నీ ఒకే వాలున ఉంటేనే మెరుపు ఒకే తీరుగా ఉంటుంది. తడిగా పడ్డచోట అవి లోపలికి మునిగి అస్తవ్యస్తంగా ఆగుతాయి, ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. పొడిగా పడ్డచోట పైన తేలి తెల్లగా మెరుస్తాయి. దీనికి చివరగా ఒక ‘డ్రాప్ కోటు’ వేయాలి. కిందటి కోటు తడి మెరుపు పోయాక, గన్నుని మామూలు కంటే ఐదారు సెంటీమీటర్లు దూరం జరిపి, చారల మీద చారలు ముప్పావు వంతు పడేలా, మొదట అడ్డంగా, తర్వాత నిలువుగా తేలిగ్గా చల్లాలి. మెటాలిక్ బేస్‌ని రుద్ది నేరుగా క్లియర్ కొట్టడం పనికిరాదు. తెగిన రేకులు, పేపర్ గీతలు క్లియర్ కింద అద్దంలోంచి చూసినంత స్పష్టంగా తెలుస్తాయి. రుద్దితే మళ్లీ బేస్ వేయాల్సిందే.

క్లియర్ పడ్డాక

కింది రంగు పలచగా ఉందని క్లియర్ పడ్డాక తెలిస్తే, పైన రంగు టచప్ చేసి పాలిష్ పట్టి సరిపెట్టే మార్గం లేదు. క్లియర్ గట్టిపడేదాకా ఆగి, 600 నుంచి 800 పేపర్‌తో రేకు మొత్తం మ్యాట్ చేసి, బేస్ మళ్లీ నిండుగా వేసి, మళ్లీ క్లియర్ కొట్టాలి. క్లియర్ మాత్రమే పలచగా ఉండి రంగు బాగుంటే పని తేలిక. 800తో జాగ్రత్తగా రుద్ది రెండు కోట్ల క్లియర్ వేస్తే చాలు. నారింజ తొక్కలా గరుకు తేలిన చోట 1500, 2000 పేపర్లతో నీళ్లు పోస్తూ చదును చేసి రబ్బింగ్ కాంపౌండ్ పడతారు. నీళ్లలో తెల్లటి పాలు వస్తున్నంతసేపు అరుగుతున్నది క్లియరే. కారు రంగు కనిపించిందంటే క్లియర్ తెగినట్టు, ఆగిపోవాలి.

క్లియర్ లేని పాత పద్ధతి రంగు, అంటే ఒకే పూతలో రంగూ మెరుపూ ఉండేది, ఇంటివాళ్లకి ఎక్కువ క్షమ చూపిస్తుంది. తెల్ల అంబాసిడర్లకీ లారీలకీ అలవాటైన పద్ధతి అది. పలుచన కనిపిస్తే 800తో రుద్ది ఇంకో కోటు వేసుకోవచ్చు. గన్నే లేకుండా ఫోమ్ రోలర్‌తో ఎనామిల్‌ని బాగా పలచన చేసి పూసే పద్ధతి కూడా ఉంది. అందులో మొదటి రెండు కోట్లూ మచ్చలుగా, కింది రంగు కనిపిస్తూ ఉంటాయి, ఉండాలి కూడా. ప్రతి రెండు కోట్లకి ఒకసారి నీళ్లతో రుద్దుతూ ఆరేడు కోట్లకి నింపుతారు. మెటాలిక్‌కి ఇది పనికిరాదు.

ఎండ, తేమ, ఊపిరి

పెయింటు కంపెనీలు చెప్పే పాళ్లు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల వేడికి లెక్క. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం గన్ను పట్టుకుంటే చుక్క రేకు మీద పడకముందే సగం ఆరిపోతుంది. పూత పొడిపొడిగా, నిండనట్టు కనిపిస్తుంది. తెల్లవారుజామున పని చేయడం, నెమ్మదిగా ఆరే స్లో థిన్నర్ వాడడం, రేకుని ముందే నీడలో చల్లబరచడం తప్ప వేరే దారి లేదు. కోస్తాలో కష్టం ఇంకోలా వస్తుంది. వానాకాలపు తేమలో లాకర్ రంగు ఆరుతూ తెల్లబారుతుంది. థిన్నర్ ఆవిరై రేకుని చల్లబరిస్తే గాలిలోని తేమ దాని మీదే నీరవుతుంది. అది పలుచన అనుకుని మళ్లీ రంగు వేస్తే తెలుపు లోపలే బందీ అవుతుంది. రేకు వేడి మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండేలా చూసుకోవాలి.

ఊపిరి గురించి మాత్రం రాజీ పడకూడదు. హార్డెనర్ కలిపే రెండు పాళ్ల రంగుల్లో, క్లియర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసాన్ని తెచ్చిపెడతాయి, ఒకసారి పట్టుకుంటే తర్వాత కొద్దిపాటి ఆవిరికి కూడా ఛాతీ బిగుసుకుంటుంది. వాసనని బట్టి ప్రమాదాన్ని పసిగట్టడం కుదరదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య, భద్రతా సంస్థ ఈ పనికి బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందే ముసుగునే వాడమంటుంది. ముఖానికి కట్టుకునే బట్ట, దుమ్ము మాస్కు దీనికి ఏమాత్రం చాలవు. అంత సరంజామా లేనివాళ్లు ఇంట్లో హార్డెనర్ లేని బేస్‌తో ఆగిపోవడమే మేలు. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువైనది, నేల మీద పారుతుంది. అపార్టుమెంటు కింది పార్కింగ్‌లో నీళ్ల మోటారు స్విచ్చు, ఇన్వర్టరు, ఎవరో వెలిగించే సిగరెట్టు అన్నీ నిప్పే.

రంగు మార్చేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. బండి రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది, వేరే రంగు వేస్తే రవాణా శాఖలో మార్పు నమోదు చేయించాలి. సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ మాత్రం కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ప్రైవేటు బండ్లకి వేయకూడదు.

అన్ని రేకులూ ఇంటి పనికి లొంగవు. మూడు పొరల పెర్ల్ తెలుపులో మధ్య పొర మందం కాస్త మారినా షేడు మారిపోతుంది, పక్క తలుపుతో కలవదు. రూఫ్ వెడల్పుకి చేయి అందదు, రెండు వైపుల నుంచి కొట్టినప్పుడు మధ్యలో తడి అంచు కలవక గీత పడుతుంది. అలాంటప్పుడు పుట్టీ, ప్రైమర్, రుద్దుడు ఇంట్లో తీరిగ్గా పూర్తిచేసుకుని, రంగుకీ క్లియర్‌కీ మాత్రం బండిని బూత్ ఉన్న షెడ్డుకి తోలుకుపోవచ్చు. ఎక్కువ గంటలు తినేది రుద్దుడే కాబట్టి కూలి ఖర్చు బాగా కలిసొస్తుంది. బండిని అప్పగించేటప్పుడు కింద ఏ కంపెనీ ప్రైమర్ వేసిందీ, ఏ నంబరు పేపర్‌తో ముగించిందీ పెయింటరుకి చెప్పాలి. అది తెలియకపోతే అతను ఇంకో సీలర్ కొట్టకుండా రంగు మొదలుపెట్టలేడు.